పాత నెంబరు, కొత్త నెంబరు

వాడిపట్టిలో మా ఇంటి తలుపు పక్కన గోడ మీద రెండు నెంబర్లు రాసి ఉంటాయి. పైన పాత నెం. 14, కింద కొత్త నెం. 31. తమిళనాట కాపురముండే మన పాఠకులకు ఇది వింతగా తోచదు. సందుల్లో కొత్త ఇళ్లు లేస్తాయి. వీధిని ఆ కొస నుంచి కాదు, ఈ కొస నుంచి లెక్కపెట్టాలని పైవాళ్లకు తోస్తుంది. నెంబర్లు మారిపోతాయి. ఇల్లు మాత్రం కదలదు. వేపచెట్టు అక్కడే, అరుగు అక్కడే, అరుగు మీద కూర్చున్న ముసలివాడూ అక్కడే. ఆ ముసలివాణ్ణి నేనే.

నేను ముప్పై నాలుగేళ్లు తపాలా ఉద్యోగం చేశాను. మొదట వీధులు తిరిగాను, తరువాత ఉత్తరాలు వేరుచేసే బల్ల దగ్గర కూర్చున్నాను. పనిలో చేరిన కొత్తలో మా పోస్టుమాస్టరుగారు ఒక మాట చెప్పారు. ఆయన చెప్పింది తమిళంలో, నేను రాస్తున్నది నా మాటల్లో. "ఆ నెంబరులో ఆ మనిషి లేడని ఉత్తరం తిప్పి పంపడం సులువు తమ్ముడూ. తిప్పే ముందు రెండు సంగతులు చూడు. ఆ నెంబరు ఎక్కడి నుంచి లెక్కపెట్టినది? ఆ తలుపు తడితే బయటికి వచ్చేది ఆ పేరుగల మనిషేనా?" ఈ రెండు ప్రశ్నలూ నలభై ఏళ్ల తరువాత ఒక ఆస్పత్రి వరండాలో నాకు పనికివస్తాయని అప్పుడు నేను అనుకోలేదు.

మేము కోమట్లం. తమిళులు మమ్మల్ని కోముట్టి చెట్టియార్లంటారు. మదురై, దిండిగల్లు, కోయంబత్తూరు ప్రాంతాల్లో మావాళ్లు ఎన్ని తరాల నుంచి ఉన్నారో లెక్క చెప్పగలవాళ్లు మా ఇంట్లో లేరు. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం. మా అక్క నాకన్నా పదిహేనేళ్లు పెద్దది. బావకు ఇదే ఊళ్లో పచారీ అంగడి ఉండేది. మా వైపు ఆచారం ప్రకారం 1981లో అక్క కూతురినే నాకిచ్చి పెళ్లి చేశారు. అంటే నా భార్యకు నేను మొదట మేనమామను, తరువాత మొగుణ్ణి. ఇవాళ్టికీ ఆమె నన్ను 'మామా' అనే పిలుస్తుంది.

1993లో అక్కకు కడుపునొప్పి వచ్చి మదురైలో ఒక ఆస్పత్రిలో ఆపరేషను చేశారు. అపెండిక్సు. గంటలో బయటికి తెస్తామన్నారు. గంట అయింది, రెండు గంటలయింది. తలుపు తెరుచుకోలేదు. ఒక నర్సు పరుగెత్తుకుంటూ లోపలికి పోయింది. మూడో గంటకు డాక్టరుగారు చొక్కా చెమటతో తడిసి బయటికి వచ్చి, "ఆపరేషను బాగానే అయింది. ఆమె ఊపిరి తీయడం లేదు. మేమే తీయిస్తున్నాం. భయపడకండి" అన్నారు. భయపడకండి అన్నప్పుడే గదా మనిషికి భయం! ఐదో గంటకు అక్క వేళ్లు కదిలించింది, తరువాత తనంతట తాను ఊపిరి తీసింది. ఆ డాక్టరుగారికి నేను ఈ జన్మకు రుణపడి ఉన్నాను. ఆ ఐదు గంటలూ గాలిసంచి పిండుతూ నిలబడ్డ మనిషి ఆయనే.

ఆయన తరువాత విడమరిచి చెప్పారు. ఆపరేషనుకు ముందు గొంతులోకి గొట్టం దించాలంటే కండరాలు సడలాలి. అందుకు సక్సమెథోనియం అనే మందు ఇస్తారు. మన డాక్టర్లు స్కోలిన్ అని పిలిచేది దీన్నే. ఊపిరి తీసే కండరాలతో సహా అన్నీ సడలిపోతాయి. అయినా భయం లేదు. మన నెత్తుటిలో ఉండే బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఆ మందును ఐదు పది నిమిషాల్లో విరగ్గొట్టేస్తుంది. ఆ ఎంజైము పనిచేయని మనిషికి మాత్రం మందు గంటల తరబడి దిగదు. మా అక్క అటువంటి మనిషి. యాభైమూడేళ్లు వచ్చేదాకా ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు. తెలిసే దారి కూడా లేదు, ఎందుకంటే ఆ ఒక్క జాతి మందు తగలనంత కాలం ఆ మనిషి అందరిలాంటి మనిషే.

"ఈమెకు స్కోలిన్ ఇవ్వరాదు" అని ఒక చీటీ రాసి ఇచ్చారు. అక్క దాన్ని పసుపుకుంకుమల పెట్టెలో దాచుకుంది. ఊళ్లో ఎవరికీ చెప్పవద్దంది. పెళ్లి కావలసిన పిల్లలున్న ఇల్లు. 'ఆ ఇంట్లో ఏదో జబ్బుందట' అని ఒక్క మాట బయలుదేరితే చాలు గదా.

మా ఇంటి గుట్టు అనుకున్నది నిజానికి అప్పటికే పుస్తకాలకు ఎక్కి ఉందని చాలా ఏళ్లకు గాని నాకు తెలియలేదు. 1979లోనే ఆంధ్రప్రదేశ్ వైశ్యులలో ఈ లోపం ఎక్కువగా ఉన్నదని హ్యూమన్ జెనెటిక్స్ అనే పత్రికలో వ్యాసం వచ్చింది. 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయంలో ఆచార్య బూపతిగారి బృందం, అమెరికాలోని నెబ్రాస్కా శాస్త్రవేత్త ఒక్సానా లాక్‌రిడ్జ్ మొదలైనవారితో కలిసి, కోయంబత్తూరు వైశ్యుల నెత్తురు పరీక్షించి లోపం ఎక్కడుందో పట్టుకున్నారు. ఆ ప్రొటీనులో 307వ స్థానంలో ఉండవలసిన లూసీన్‌కు బదులు ప్రోలీన్ వచ్చి కూర్చుంది. పొట్టిగా రాస్తే 'లూ307ప్రో'. 2009లో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి నేచర్ పత్రికలో రాసిన వ్యాసం ప్రకారం, వైశ్యులు నూరు తరాలకు పైబడి బయటి సంబంధాలు దాదాపు లేకుండా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్నారట. 2017లో నేచర్ జెనెటిక్స్ వ్యాసం, ఈ లోపం వైశ్యులలో తక్కినవాళ్లకన్నా సుమారు నూరు రెట్లు ఎక్కువ అన్నది. పెసరపప్పు డబ్బాలో ఒక రాయి పడితే, ఆ డబ్బాలో పప్పు ఆ డబ్బాలోనే తిరుగుతూ ఉంటే, రాయి ఎక్కడికి పోతుంది?

2008లో అక్కకు కోయంబత్తూరులో జన్యుపరీక్ష చేయించాము. కాగితం మీద అదే మాట వచ్చింది: 'లూ307ప్రో, రెండు ప్రతులూ'. తల్లి ఇచ్చిన ప్రతిలోనూ తండ్రి ఇచ్చిన ప్రతిలోనూ తప్పు ఉన్నదని దాని అర్థం. ఒక ప్రతి మంచిదైతే పెద్ద చిక్కు ఉండదు. ఆ కాగితం కూడా పసుపుకుంకుమల పెట్టెలోకే పోయింది. 2018లో అక్క డెబ్భైఎనిమిదేళ్లకు నిద్రలో పోయింది. పెట్టె నా భార్య చేతికి వచ్చింది.

ఇక అసలు సంగతి. కిందటేడు కోయంబత్తూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయికి పిత్తాశయంలో రాళ్లని తేలింది. తీసేయాలన్నారు. నా భార్య పెట్టె తెరిచి అక్క కాగితం చేతికిచ్చి, "ముందు ఇది చూపించు" అని వాణ్ణి తరిమింది. లెక్క ఆమెకు తెలుసు. అక్కకు రెండు ప్రతులూ తప్పు గనుక కూతురైన ఆమెకు ఒకటి తప్పకుండా వచ్చి ఉంటుంది. అక్కకు తోడబుట్టిన నాకూ ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. మా ఇద్దరిదీ కలిస్తే?

డాక్టరు నెత్తురు తీసి ఒక పరీక్షాలయానికి పంపారు. పరీక్ష కోరిన కాగితం మీద 'కుటుంబంలో లూ307ప్రో ఉంది, చూడవలెను' అని రాశారు. ఆపరేషనుకు ముందురోజు సాయంత్రం జవాబు వచ్చింది: '307వ స్థానంలో మార్పు లేదు.' డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు నవ్వుతూ వచ్చి, "మీ అమ్మమ్మది మీకు రాలేదు. నిశ్చింతగా పడుకోండి" అన్నాడు. నా భార్య మీనాక్షమ్మకు మొక్కుకుంది. మా కోడలు కళ్లు తుడుచుకుంది.

నేను ఆ కాగితం చేతికి తీసుకున్నాను. తపాలా వాడికి కాగితం దొరికితే చిరునామా చదవకుండా ఉండలేడు. ఇంగ్లీషులో 307 పక్కన మూడక్షరాలు ఉన్నాయి: 'వాల్'. ఎంజైముల సంగతి నాకేం తెలుసు? కాని అక్క కాగితంలో 307కు ముందు ఉన్నది 'లూ'. ఒకచోట 307వ తలుపు తడితే లూసీన్ అనే మనిషి ఉండవలసింది, ప్రోలీన్ దిగిందని ఫిర్యాదు. ఇక్కడ 307వ తలుపు తడితే వాలీన్ అనే వేరే మనిషి వచ్చి, నేను ఎప్పటినుంచో ఇక్కడే ఉన్నానంటున్నాడు. అంటే మనం తట్టింది ఆ ఇల్లు కాదు! చిన్న డాక్టరును అడిగాను. "అది మామూలేనండి, పరీక్షాలయం వాళ్లు సరిగానే చూస్తారు" అని వెళ్లిపోయాడు. అతనిమీద నాకు కోపం లేదు. అతనికి ఆ రాత్రి ఇంకా పన్నెండు మంది రోగులున్నారు.

అక్క కొడుకు కూతురు కోయంబత్తూరులోనే బయోటెక్నాలజీ చదువుతున్నది. ఆ పిల్లకు ఫోను చేశాను. ఈ పిల్లకూ నాకూ వరస రెండు రకాలు. వాళ్ల నాయన వైపు నుంచి లెక్కపెడితే నాయనకు మేనమామను గనుక తాతను. వాళ్ల మేనత్త వైపు నుంచి లెక్కపెడితే మేనత్త మొగుణ్ణి గనుక మామను. చిన్నప్పటి నుంచి 'మామా' అనే పిలుపు.

సంగతంతా విని, "మామా, ఆ కాగితాలు రెండూ ఫోటో తీసి పంపండి. పరీక్షాలయం వాళ్లు జీన్ మొత్తం చదివి ఉంటారు, ఆ ఫైలు కూడా అడిగి పంపించండి" అన్నది. మా అబ్బాయి పడక మీద నుంచే ఫోన్లు చేసి రాత్రి తొమ్మిదికి ఆ ఫైలు తెప్పించాడు. పదిన్నరకు ఆ పిల్ల తానే కంప్యూటరు సంచి తగిలించుకుని ఆస్పత్రికి వచ్చింది. వరండాలో బల్ల మీద కూర్చుని, నాకు అర్థమయ్యేలా ఒక్కొక్క మెట్టే చెప్పింది. నాకు తెలిసిన ఉపమానాలతో దాన్ని ఇక్కడ రాస్తాను. ఇది మన ఇళ్లలో పదిమందికీ తెలియవలసిన సంగతి.

జీనోము అంటే మన కణాల్లో ఉండే రాత. అక్షరాలు నాలుగే. ఒక ప్రతిలో సుమారు 310 కోట్ల అక్షరాలుంటాయి. 23 సంపుటాలు. సంపుటానికి క్రోమోజోము అని పేరు. ఈ రాతను మూడేసి అక్షరాల చొప్పున చదివితే ఒక్కొక్క మాటకు ఒక్కొక్క అమైనో ఆమ్లం వస్తుంది. అవి పూసల్లా వరసగా గుచ్చుకుంటే ప్రొటీను. పూసలు ఇరవై రకాలు. కాబట్టి ఒకే తప్పుకు రెండు చిరునామాలుంటాయి. జీనోములో ఎన్నో అక్షరం అన్నది ఒకటి, ప్రొటీనులో ఎన్నో పూస అన్నది రెండోది. ఒకదాని నుంచి మరొకదానికి మార్చడానికి ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్లున్నాయి. "మూడుతో భాగించడానికి కంప్యూటరెందుకమ్మా?" అని నేనడిగాను. ఆ పిల్ల నవ్వింది.

మొదటి చిక్కు, జీనోము ముద్రణలు వేరు వేరు. శాస్త్రజ్ఞులు అందరికీ ప్రమాణంగా ఒక జీనోము ప్రతిని తయారుచేసి, అప్పుడప్పుడు సవరించి వెలువరిస్తారు. 2009లో ఒకటి వచ్చింది, 2013లో ఇంకొకటి. మధ్యలో ఖాళీలు నిండి, కొన్ని భాగాలు సర్దుకుని నెంబర్లు జరిగిపోయాయి. మా ఇంటి ఎంజైముకు సంబంధించిన జీన్ మూడో క్రోమోజోములో ఉంది. 2009 ప్రతిలో 16 కోట్ల 55 లక్షల దగ్గర కనిపించేది, 2013 ప్రతిలో సుమారు 2 లక్షల 82 వేల అక్షరాలు ముందుకు జరిగి 16 కోట్ల 58 లక్షల దగ్గర కనిపిస్తుంది. మనిషిలో ఏమీ జరగలేదు. జరిగింది గోడమీది నెంబరు.

రెండో చిక్కు, ఈ జీన్‌ను వెనక నుంచి ముందుకు చదవాలి. అక్షరాలు కూడా అద్దంలో బొమ్మలా మారతాయి. అందుకే ప్రొటీను వైపు 'టి' పోయి 'సి' వచ్చిందని రాసేది, జీనోము వైపు 'ఎ' పోయి 'జి' వచ్చిందని ఉంటుంది.

మూడో చిక్కు, జీన్ ఒకే ముక్కగా ఉండదు. ఇది 64 వేలకు పైగా అక్షరాల దూరం పరుచుకుని ఉన్నా, పనికివచ్చేవి నాలుగు ముక్కలే. ఆ ముక్కల్లో ప్రొటీనుగా మారేవి 1,806 అక్షరాలు. మూడుతో భాగిస్తే 602 పూసలు. కాబట్టి అక్షరం ఏ ముక్కలో పడిందో, దానికి ముందు ఎన్ని లెక్కకు వచ్చాయో చూసి గాని భాగించకూడదు. మా అబ్బాయి ఫైలులో తప్పు దొరికింది 1004వ అక్షరం దగ్గర. మూడు వందల ముప్పై నాలుగు మాటలకు 1002 అక్షరాలు అయిపోతాయి. కనుక 1004వది 335వ మాటలో రెండో అక్షరం. అక్కడ లూసీన్ పోయి ప్రోలీన్ వచ్చింది. రెండు ప్రతుల్లోనూ!

"మరి అక్కది 307 గదా" అన్నాను, నోరు ఎండిపోతుంటే.

"అక్కడికే వస్తున్నా మామా. మీరు పోస్టు సంచికి పైన చీటీ కట్టేవాళ్లు గదా, ఏ ఊరికి పోవాలని? సంచి చేరాక ఏం చేస్తారు?"

"తెంపి పడేస్తాము."

"ఇదీ అంతే" అన్నది. ఈ ఎంజైము కాలేయంలో తయారై నెత్తుటిలోకి పోవాలి. దారి చూపడానికి ముందువైపు 28 పూసల చీటీ ఒకటి ఉంటుంది. మొదటి గడప దాటగానే అది తెగిపోతుంది. నెత్తుటిలో తిరిగే ప్రొటీనులో మిగిలేవి 574 పూసలే. 1987లో లాక్‌రిడ్జ్ బృందం ఈ ప్రొటీనులో పూసల వరస మొత్తం చదివినప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది నెత్తుటి నుంచి తీసిన ప్రొటీను. చీటీ తెగిపోయినది. వాళ్లు కనబడిన మొదటి పూసకు ఒకటి అని పేరుపెట్టారు. అది న్యాయమే. 2006 వ్యాసమూ ఆ లెక్కనే అనుసరించింది. తరువాత 2000 ప్రాంతం నుంచి ప్రపంచమంతటా స్థిరపడిన పద్ధతి ప్రకారం, జీన్‌లో రాసి ఉన్న మొదటి పూస నుంచి, అంటే చీటీతో సహా లెక్కపెట్టాలి. 307కు 28 కలపండి. 335! లెక్కపెట్టిన కొస వేరు, ఇల్లు ఒకటే.

పరీక్షాలయం వాళ్లు పాత నెంబరు పట్టుకుని కొత్త వరసలో 307వ తలుపు తట్టారు. అక్కడ వాలీన్ ఉంది, దానికి ఏ లోపమూ లేదు. ఉత్తరం తిప్పి పంపారు.

ఇటువంటిది మా ఒక్క జీన్‌లోనే కాదట. 1952లో మన దేశంలో మొదటిసారిగా నీలగిరి కొండజాతులలో గుర్తించిన కొడవలి కణాల లోపాన్ని పాత పుస్తకాలు 6వ స్థానమంటాయి, కొత్త రిపోర్టులు 7వ స్థానమంటాయి. అక్కడ తెగిపోయేది ఒక్క పూసే, అయినా లెక్క తప్పుతుంది.

నాకు ఇంకో అనుమానం వచ్చింది. ప్రొటీను నెంబరు తెలిస్తే జీనోములో అక్షరం కచ్చితంగా చెప్పవచ్చునా? దీనికి ఆ పిల్ల చెప్పిన జవాబు మన తమిళనాటి తెలుగువాళ్లకు ఎవరికన్నా బాగా అర్థమవుతుంది. తమిళ లిపిలో త, థ, ద, ధ నాలుగింటికీ ఒకే అక్షరం. 'ధనమ్మ' అని తెలుగులో ఉన్నదాన్ని తమిళంలో రాయడానికి తడుముకోవలసిన పని లేదు. కాని తమిళంలో రాసి ఉన్నదాన్ని తిరిగి తెలుగులో రాయాలంటే తనమ్మా, దనమ్మా, ధనమ్మా? చూసి చెప్పలేము. ఆ ఇంటికి పోయి అడగాలి. జన్యువుల రాతలోనూ అంతే. మూడక్షరాల మాటలు 64, వాటిలో మూడు ముగింపు గుర్తులు. పూసలు ఇరవైయే. లూసీన్‌కు ఆరు మాటలున్నాయి, ప్రోలీన్‌కు నాలుగు. జీనోము నుంచి ప్రొటీనుకు దారి ఒకటే. వెనక్కి రావాలంటే దారులు చీలిపోతాయి. అందుకే మంచి సాఫ్ట్‌వేరు కేవలం లెక్క కట్టి ఊరుకోదు. ప్రమాణ ప్రతి తెరిచి, ఆ స్థలంలో నిజంగా ఏ అక్షరాలున్నాయో చూసి మరీ చెబుతుంది.

ఆ పిల్ల వాడినది ఎన్సెంబుల్‌డీబీ అనే ప్రోగ్రాము. జీనోము నెంబరిస్తే ప్రొటీను నెంబరు, ప్రొటీను నెంబరిస్తే జీనోము నెంబరు చెబుతుంది. నెదర్లాండ్స్‌లో లైడెన్ వాళ్లు చేసిన మ్యుటలైజర్ అని ఇంకొకటుంది. దానికి 'లూ307ప్రో' అని ఇవ్వగానే, 307లో ఉన్నది లూసీన్ కాదు, వాలీన్ అని తప్పు చూపించింది. మా పోస్టుమాస్టరుగారి రెండో ప్రశ్నను కంప్యూటరు అడుగుతుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. 2015లో వచ్చిన ట్రాన్స్‌వార్ అనేది, వెనక్కి వచ్చే దారులు చీలేచోట ఎన్ని అవకాశాలున్నాయో అన్నీ వరసపెట్టి చెబుతుందట. ఇవన్నీ ఉచితంగా దొరికేవే. ఆస్పత్రిలోనూ పరీక్షాలయంలోనూ ఎవరూ చెడ్డవాళ్లు కారు, సాధనాలకూ కొరత లేదు. ఎవరికీ ఆ ప్రశ్న వేయాలని తోచలేదు, అంతే.

తెల్లవారి ఆరు గంటలకు మత్తు డాక్టరుగారు వచ్చారు. పెద్దావిడ. ఆ పిల్ల గీసిన కాగితం నిలబడే రెండుసార్లు చదివారు. చిన్న డాక్టరును పిలిచి మా ముందర ఏమీ అనలేదు. "ఇవాళ ఆపరేషను లేదు. ముందు ఎంజైము ఎంత ఉందో చూద్దాం" అన్నారు. చూస్తే దాదాపు లేదు. మూడు రోజుల తరువాత, ఈ ఎంజైముతో పనిలేని రోక్యురోనియం అనే వేరే మందు ఇచ్చి ఆపరేషను చేశారు. గంటంబావుకు మా అబ్బాయి కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగాడు. 1993 నాటి ఆ వరండా నా కళ్లముందు ఉండగానే ఈ వరండాలో నేను కూలబడి ఏడ్చాను.

ఆ రాత్రి నా భార్య అడిగింది, "మామా, మన పెళ్లే తప్పంటారా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నిజం దాచి ఏం లాభం? అక్క బిడ్డను చేసుకోవడం వల్లనే వాడికి రెండు ప్రతులూ కలిశాయి. దగ్గరి సంబంధాల్లో ఇటువంటివి కలిసే అవకాశం పెరుగుతుంది, అది లెక్క. కాని మావాళ్లలో బయటి ఇంటి పిల్లను చేసుకున్నా ఈ ప్రతి ఆమెలోనూ ఉండవచ్చు. ఇంకొక సంగతి కూడా ఉంది. కోయంబత్తూరు బృందం 2007లో ఈ లోపం ఉన్న వైశ్యుల ఆరోగ్యం గురించి వేరే వ్యాసమే రాసింది. వాళ్లు అందరిలాగే ఆరోగ్యంగా ఉన్నారని తేల్చారు. మా అక్క నలుగురు పిల్లల్ని కన్నది, అంగడి నడిపింది, డెబ్భైఎనిమిదేళ్లు బతికింది. ఇది జబ్బు కాదు. ఒకటి రెండు మందుల దగ్గర మాత్రం జాగ్రత్త పడవలసిన సంగతి. జాగ్రత్త పడాలంటే ముందు తెలిసి ఉండాలి. తెలియాలంటే ఎవరో ఒకరు చెప్పాలి. "తప్పు పెళ్లిది కాదు, పెట్టెలో దాచుకున్నామే, అది తప్పు" అన్నాను.

ఆ తరువాత మావాళ్లందరికీ నేనే స్వయంగా తిరిగి చెప్పాను. తపాలా వాడికి తిరగడం కొత్త కాదు. కొందరు నెత్తురు పరీక్ష చేయించుకున్నారు. ఒక దగ్గరి చుట్టం మాత్రం, "మా పిల్లకు సంబంధాలు చూస్తున్నాం. నీ ఇంటి కత మా గుమ్మంలో చెప్పవద్దు" అని తలుపు వేసేశాడు. ఆయన బాధ నాకు తెలుసు. ముప్పై ఏళ్లు మేమూ ఆ తలుపు వెనకే ఉన్నాము. కాని ఆ పిల్లకు రేపు కాన్పులో అత్యవసరంగా ఆపరేషను చేయవలసి వస్తే, మందు ఎక్కించే డాక్టరుకు ఆ ముసుగు వెనక సంగతి ఎవరు చెబుతారు?

కనుక ఈ పత్రిక చదివే పెద్దలకు ఒక మనవి. మీరు ఏ కులంవారైనా సరే, మీ ఇంట్లో ఎవరైనా ఆపరేషను తరువాత మెలకువ రావడం, ఊపిరి తీసుకోవడం బాగా ఆలస్యమైన జ్ఞాపకం ఉంటే, దాన్ని దేవుడి దయ అని మరచిపోకండి. డాక్టరుకు చెప్పండి. తోడబుట్టినవాళ్లకు చెప్పండి. జన్యుపరీక్ష కాగితం ఉంటే పెట్టెలో పెట్టకండి. దాని మీద నెంబరొకటి ఉంటే, అది ఎక్కడి నుంచి లెక్కపెట్టినదో రాయించుకోండి. నెంబరు పక్కన పేరు సరిపోయిందో లేదో చూడమని అడగండి. అడగడానికి చదువు అక్కరలేదు. నాకేం చదువుంది?

మా అబ్బాయి జేబులో ఇప్పుడు ఒక అట్టముక్క ఉంటుంది. ఆ పిల్ల ఇంగ్లీషులోనూ తమిళంలోనూ అచ్చువేయించి ఇచ్చింది. స్కోలిన్ ఇవ్వరాదు, మైవాక్యూరియం ఇవ్వరాదు అని పైన ఉంది. కింద తెలుగులో ఒక వరస నా చేత్తో రాయించుకుంది. వయసొచ్చాక నేర్చుకున్న అక్షరాలు, కొంచెం వంకరగా ఉంటాయి.

పాత నెం. 307. కొత్త నెం. 335. ఇల్లు ఒకటే.